ముగింపు పాఠం దగ్గర దాలినాయుడు

నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు కొత్తగా కట్టిన బాణీని ఆయన కట్టినవాళ్ల నోట వినేవారు కారు. ఇంకో శిష్యుడెవరైనా దాన్ని నేర్చుకుని వచ్చి పాడాలి. కట్టినవాళ్లు వీధరుగు మీద నోరు మూసుకుని కూర్చుని వినాలి. మధ్యలో "అలా కాదు" అనడానికి లేదు, గొంతు సవరించుకోవడానికి కూడా లేదు. "కట్టినవాడే పాడితే బాణీలో లోపాలన్నీ గొంతు సర్దేస్తుంది" అనేవారు ఆయన. ఆ అరుగు మీంచి గర్వంగా లేచినవాళ్లు తక్కువ. ముఖం అటు తిప్పుకుని చెప్పులు వెతుక్కున్నవాళ్లే ఎక్కువ. నేర్చుకుని పాడేవాళ్ల కష్టం వేరు. పక్కవాడి పాటని ఉన్నదున్నట్టు మోయాలి, సొంతంగా ఒక్క స్వరం కలపకూడదు.

విజయనగరంలో ఆ ఇంటి అరుగు మీద ఇందుమతి చాలా ఏళ్లు కూర్చుంది. మాస్టారు ఒకప్పుడు రేడియోకి లలిత గీతాలు, నాటకాలకి పద్యాల వరసలు కట్టినవారు. విద్య ఆయన దగ్గర కొండంత ఉంది గాని, దాన్ని పంచడంలో ఒక పద్ధతంటూ లేదు. ఒకనాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పేవారు, తర్వాత వారాల తరబడి "ఊఁ" అనడం తప్ప మాటుండేది కాదు. మొదటి పాఠం ఏదో, చివరిది ఏదో, తాము ఎంతవరకు వచ్చారో శిష్యులకు ఎన్నడూ తెలిసేది కాదు. ఆమెతో పాటు చేరిన కామేశం అనే అతను ఆ తెలియకపోవడంతోనే నలిగి నలిగి ఒకరోజు హార్మోనియం ఎవరికో ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు పెళ్లిలో సన్నాయి మోగినా లేచి అవతలికి పోతాడని చెప్పుకుంటారు.

కామేశం గురించిన బాధే ఇందుమతి చేత "బాణీ బాట" కట్టించింది. పాటలు కట్టాలని ఆశ ఉండి, గురువు దొరకని వాళ్లకోసం ఆన్‌లైన్‌లో పాఠాలు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు. మొదట చెవి, అంటే వినడం. తర్వాత స్వరం, తర్వాత తాళం, ఆ తర్వాత మాటకి బాణీ అల్లడం, ఆ పైన ముగింపు. ఒక పాఠం పూర్తిచేసి, దానికి అడిగిన పాట రికార్డు చేసి పంపాలి. అది బాగుందని ఇందుమతి ఒప్పుకుంటేనే తర్వాతి పాఠం తెరుచుకుంటుంది. లేకపోతే తెర మీద మూసిన తలుపు బొమ్మ కనిపిస్తుంది. దాన్ని ఆమె ఎంతో ముచ్చటపడి వేయించింది. ఎక్కడున్నామో తెలియని బాధ తన దగ్గర ఏ ఒక్కరికీ ఉండకూడదని ఆమె పట్టుదల. చిత్తశుద్ధితో చేసిన పని అది, అందులో వంక పెట్టడానికి లేదు.

ఇబ్బంది దాలినాయుడి దగ్గర వచ్చింది. ఇతనిది సాలూరు వైపు, ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. మొదటి పాఠాలన్నీ చకచకా దాటాడు. ముగింపు పాఠం దగ్గర ఆగిపోయాడు. పాట ఎన్ని చోట్ల తిరిగినా చివరికి "స" దగ్గరికి చేరి అక్కడ నిలవాలి, విన్నవాడికి ఇల్లు చేరినట్టుండాలి అని ఆ పాఠం చెబుతుంది. దాలినాయుడు పంపిన పాట "స"కి ఒక్క స్వరం ఇవతలే, "ని" మీదే ఆగిపోతుంది. ఇందుమతి ఓపిగ్గా తప్పు రాసి పంపింది. అతను మళ్లీ అదే పంపాడు. ఈసారి ఆమె ఆ పాటకి తనే ఒక చక్కని ముగింపు కట్టి, పాడి, ఇలా ఉండాలి అని పంపింది. కొన్నాళ్లు జవాబు లేదు. తర్వాత ఒక్క ముక్క వచ్చింది: "నాకు సంగీతం రాదని తేలిపోయింది మేడమ్ గారూ. ఇక పాడను. సెలవు."

అది చదివాక ఆమెకి అన్నం సయించలేదు. మర్నాడు మధ్యాహ్నమే బయల్దేరి మాస్టారింటికి వచ్చింది.

మాస్టారు పడక్కుర్చీలో ఉన్నారు. ఆయాసం ముదిరింది, పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నిద్ర పట్టదు. "రెప్ప వేసి ఎన్నాళ్లయిందో అమ్మా" అని మాస్టారి భార్య సుభద్రమ్మ గారు గుమ్మంలోనే చెప్పింది. ఇందుమతి కాళ్లకి దండం పెట్టి, చాప మీద కూర్చుని, ఉన్న సంగతంతా దాచకుండా చెప్పింది. చివర్లో గొంతు కొంచెం కటువైంది. అది ఆయన మీద ఏనాటి నుంచో ఉన్న కోపమే.

"మీ దగ్గర పాఠాలకి వరస లేక కామేశం పోయాడు మాస్టారూ. నా దగ్గర వరస ఉండి దాలినాయుడు పోతున్నాడు. అందరికీ ఉన్న నియమం ఇతనొక్కడికీ సడలిస్తే ఆ బాటకి విలువుండదు. సడలించకపోతే మనిషి దక్కడు. నేనేం చెయ్యాలి?"

కామేశం పేరు వినగానే మాస్టారి చూపు నేల మీదికి దిగింది.

"ఆ దాలినాయుడి పాట పాడు" అన్నారు.

"ఫోన్లో ఉంది మాస్టారూ, అతని గొంతే వినిపిస్తాను."

"కట్టినవాడి నోట నేను వినను. నువ్వు పాడు."

ఆ పాట తనకి కంఠతా వచ్చనుకుంది ఇందుమతి. తప్పులు పట్టడానికి ఎన్నిసార్లు విందో లెక్కలేదు. కాని నోటితో ఒక్కసారీ పాడలేదని అప్పుడే తట్టింది. మాటలు చాలా చిన్నవి.

వానొచ్చింది, వాకిలి తడిసింది.
ఎండొచ్చింది, వాకిలి ఆరింది.
ఆరిన వాకిట ఎవరున్నారు?
నేనున్నా... నేనున్నా...

ఆమె శ్రద్ధగా పాడింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. చివరి "నేనున్నా" దగ్గర ఆమె గొంతు తనంత తానే "స" మీదికి దిగి, హాయిగా అక్కడ నిలిచింది. మాస్టారు కళ్లు తెరిచారు.

"అయిపోయిందా?"

"అయిపోయింది మాస్టారూ."

"ఆ చివర వాడిదా, నీదా?"

ఇందుమతి ముఖం జేవురించింది. ఇన్నేళ్ల అరుగు అలవాటులో ఎన్నడూ చెయ్యని తప్పు అది. "నాదే" అంది.

"వాడిది పాడు."

మళ్లీ మొదలెట్టింది. ఈసారి "ని" మీదే నిలబడింది. అక్కడ నిలవడం ఎంత కష్టమో ఫోన్లో విన్నప్పుడు తెలియలేదు. పాట ఆగలేదు, ఆగనివ్వదు. ఆ స్వరం పట్టుకుని ఊపిరి అలా ఉండగానే గొంతు మళ్లీ "వానొచ్చింది" మీదికి జారింది. మాస్టారు "చాలు" అంటారని చూసింది. అనలేదు. ఆయన అనేదాకా ఆపకూడదు గనక పాడుతూ పోయింది. వాన వచ్చింది, ఎండ వచ్చింది, మళ్లీ వాన వచ్చింది. ఎక్కడ మొదలెట్టిందో ఎన్నోసారి పాడుతోందో ఆమెకి తెలియలేదు. తప్పులు పట్టే బుద్ధి ఎప్పుడు తప్పుకుందో కూడా తెలియలేదు. ఆ "నేనున్నా" దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఎవరో ఎవరికో నిజంగానే ఆ మాట చెబుతున్నారని మాత్రం తెలుస్తోంది.

కాఫీ గ్లాసుతో వచ్చిన సుభద్రమ్మ గారు గుమ్మంలోనే ఆగిపోయి, ఆపవద్దని చేత్తో సైగ చేసింది. ఇందుమతి తలెత్తి చూసింది. మాస్టారి తల ఒక పక్కకి వాలింది. ఆయాసం నెమ్మదించింది. కుర్చీ చేతి మీదున్న అరచెయ్యి విచ్చుకుని ఒళ్లోకి జారింది. ఆయన నిద్రపోతున్నారు.

ఆమె గొంతు తగ్గించి, తగ్గించి, "ఎండొచ్చింది" అనే మాట దగ్గర ఊరుకుంది. ఆయన లేవలేదు. సుభద్రమ్మ గారు కొంగుతో కళ్లొత్తుకుంది. తను ఇన్నాళ్లూ తప్పని దిద్దింది దేన్నో ఇందుమతికి అప్పుడు లీలగా అర్థమై, లేచి, చప్పుడు కాకుండా అరుగు మీదికి వెళ్లి దాలినాయుడికి ఫోన్ చేసింది.

"మేడమ్ గారూ! అనవసరంగా మిమ్మల్ని శ్రమ పెట్టేసినానండి" అన్నాడతను ముందే.

"అది కాదు నాయుడు గారూ. ఆ పాట మీరు ఎవరికోసం కట్టారు?"

అవతల డిపోలో సుత్తి చప్పుడు దూరమైంది, అతను పక్కకి వచ్చినట్టున్నాడు.

"మాయమ్మ కోసమండి" అన్నాడు. "దానికి మతి సరిగా నేదండి. పొద్దు వాలితే చాలు, మనింటికెల్పోదారి అని గుమ్మంలోకొచ్చి నిలబడిపోద్ది. ఉన్నది మాయింట్లోనేనండి. ఎంత చెప్పినా ఇనదు. పక్కన కూకుని ఈ పాట పాడితే ఇని, ఇని, అలా తొంగుంటాది. అందుకే తెగకుండా కట్టినాను."

"మరి నేను పంపిన ముగింపు..."

"పాడినానండి. మీరు చెప్పినట్టే పాడినాను. బాగుందండి, తప్పట్టడానికేం నేదు. కాని అక్కడికొచ్చేసరికి మాయమ్మ సటుక్కున కళ్లు తెరిసి, 'అయిపోనాదేట్రా? అయితే పద, ఎల్దాం' అని లేసిపోద్దండి."

ఇందుమతి అరుగు స్తంభం పట్టుకుంది. ఇందాక మాస్టారు కళ్లు తెరిచి అడిగిన మాటా అదే.

"ఈ సంగతి నాకు చెప్పలేదేం?"

"మీరడగనేదు గదండీ. పాఠంలో ఇంటి గొడవలెందుకని ఊరుకున్నాను."

"ఇప్పుడు ఏం చేస్తున్నారు?"

అతను గొంతు తగ్గించాడు. "తప్పు పాటని తెలిసినాక గొంతు పెగల్నేదండి. సాయంత్రమైతే తలుపుకి తాళం ఏసేస్తన్నాను. లోపల్నించి కొడతా ఉంటాది."

ఆ మాట వినడం ఇందుమతికి చాలా కష్టమైంది. ముచ్చటపడి వేయించుకున్న ఆ తలుపు బొమ్మ కళ్ల ముందు మెదిలింది.

"నాయుడు గారూ, ఇవాళ సాయంత్రం తాళం వెయ్యకండి. ఆ పాట పాడండి. మీరు కట్టినట్టే, నా చివర తీసేసి పాడండి."

"తప్పు కాదాండీ?"

"కాదు. నేను పాడి చూశాను. తప్పు నాది."

ఆమె లోపలికి వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. మాస్టారు మరికాసేపటికి లేచి, ఎక్కడున్నారో తెలియనట్టు చుట్టూ చూసి, తనే చిన్నగా నవ్వుకున్నారు. సుభద్రమ్మ గారు కాఫీ మళ్లీ వెచ్చబెట్టి తెచ్చింది. ఆయన తాగుతుంటే ఇందుమతి ఫోన్లో విన్నదంతా చెప్పింది. గుమ్మంలో నిలబడే ఆ తల్లి గురించి, తాళం గురించి చెబుతున్నప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయింది. మాస్టారు ఊరడించలేదు. గ్లాసు కింద పెట్టి పూర్తిగా విన్నారు.

"అయితే ముగింపు పాఠం తప్పా మాస్టారూ?"

"పాఠం మంచిదే. నీ వరసా మంచిదే. నాకు ఆ మాత్రం వరస చెప్పినవాళ్లు లేరు."

"మరి ఆ తలుపు తీసేయనా?"

తెరిచి ఉన్న వీధి తలుపులోంచి ఖాళీ అరుగు కనిపిస్తోంది. ఆయన అటే చూస్తూ ఉండిపోయారు. చూసి చూసి అన్నారు:

"తలుపు ఉండనీ అమ్మాయ్. తట్టినప్పుడు ఎవరని అడుగు. కామేశాన్ని నేను అడగలేదు."