నాంచారి తిట్టు

అనగనగా, ఆ అనగనగాకి కూడా ముందు, కోడి ఇంకా కూయడం నేర్వక సూర్యుడే వచ్చి కోడిని లేపే రోజుల్లో, గుండ్లమెట్ట అని ఓ ఊరు. ఊరంతా గులకరాళ్లే. ఒక్క ఇంట తప్ప ఎక్కడా జిల్లేడు కాక మరో పువ్వు పూయదు. ఆ ఊళ్లో వడ్లు దంచుకు బతికే ముసలమ్మ నాంచారి. నా అన్నవాళ్లు లేరు. ఉన్నదల్లా ఒక పాక, ఒక రోకలి, పాక ముందు ఒక మడి. మడి నిండా నేలసంపెంగలు.

అవి పూస్తే వాసన ఏడూళ్లు దాటేది. ఆ దారిన పోయిన గేదె నెల్లాళ్లు సంపెంగ వాసన పాలే ఇచ్చేది. అబద్ధమైతే నా పళ్లూడిపోను! అవెప్పుడో ఊడాయనుకోండి, అది వేరే సంగతి.

అలాంటిది ఒక ఏడు పువ్వు తగ్గింది. మరుసటేడు ఇంకా తగ్గింది. ఆపై ఏడు ఒక్కటంటే ఒక్క కాడ లేచింది. నాంచారి పలుగు అందుకుంది. తవ్వి చూస్తే ఏముంది? దుంప మీద దుంప, దుంప కింద దుంప, ఒకే దుప్పట్లో ఇరవైమంది పిల్లల్లా తన్నుకుంటున్నాయి.

"అమ్మో, వీటిని ఇంటింటికీ పంచకపోతే ఈ పువ్వే మాసిపోతుంది," అనుకుంది.

ఆమెకు ముగ్గురు నేస్తాలు. కుండలు చేసే అచ్చాయమ్మ, మేకలు కాసే బంగారి, గాజులమ్మే మస్తాన్‌బీ. ముగ్గురి ఒళ్లోనూ దోసెళ్లతో దుంపలు పోసింది.

బతికాయా? బతకలేదు. "నాంచారక్క ఇచ్చింది గదా" అని అచ్చాయమ్మ పూటపూటకీ కుండెడు నీళ్లు గుమ్మరించింది. "నాంచారక్క ఇచ్చింది గదా" అని బంగారి మేకపాలు పోసింది. "నాంచారక్క ఇచ్చింది గదా" అని మస్తాన్‌బీ రోజూ పొద్దున్నే దుంపను పైకి తీసి, మొలకొచ్చిందేమో చూసి, ముద్దు పెట్టుకుని మళ్లీ పాతింది. అన్నీ కుళ్లిపోయాయి. మళ్లీ ఇచ్చింది. మళ్లీ కుళ్లాయి.

"మీ ప్రేమ తగలెయ్య! ఇస్తే చంపేస్తున్నారు గదే!" అని నెత్తి కొట్టుకుంది నాంచారి. "ఇహ చచ్చినా ఇవ్వను. కావాలంటే దొంగతనం చేసుకోండి!"

దొంగతనమా! దొంగకు రెండు కాళ్లా నాలుగు కాళ్లా అని అడిగే ఊరది. తలుపులకు గడియలే లేవు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అచ్చాయమ్మ వచ్చింది. "నాంచారక్కా, ఉన్నావా? దొంగతనానికొచ్చాను."

"దొంగ గుమ్మంలో నిలబడి పిలుస్తుందటే? పో!"

బంగారి వచ్చింది. పిల్లిలా అడుగులేసింది. కానీ వెనకే మందంతా "మే" అంటూ వచ్చింది.

"దొంగతనానికి మేళంతో వస్తారటే? పో!"

మస్తాన్‌బీ వచ్చింది. దుంప తీసుకుంది. ఊరికే తీసుకోవడానికి మనసొప్పక ఆ గుంటలో గాజుల జత పెట్టింది.

"అది బేరమే, దొంగతనం కాదు! పో!"

ఇక లాభం లేదని నాంచారి మడికి వీపు తిప్పి పడుకుని గురక పెట్టింది. ఆ గురకకు ఊళ్లో ఇళ్ల కప్పులు లేచి మళ్లీ కూర్చున్నాయి. ముగ్గురూ తలా ఓ దుంప పట్టుకుని పరుగో పరుగు. వెంటనే నాంచారి రోకలెత్తుకుని వెంటబడింది.

"ఓసి దొంగమొహాల్లారా! మీ పెరళ్లు పూలతో పూడిపోను! మీ జడలు పూల బరువుకి వంగిపోను! ఆ వాసనకు మీ నిద్ర చెడిపోను!"

ముగ్గురూ హడలిపోయి దుంపల్ని దొడ్డి మూల రాళ్లలో గబగబా పూడ్చేశారు. మళ్లీ అటు తొంగిచూస్తే ఒట్టు. నీళ్లు పోయలేదు. పాలు పోయలేదు. పైకి తీయలేదు. వాన పడింది. మూడు దొడ్లలో మూడు కాడలు లేచాయి, తాటిచెట్టంత! సరే, తాటిచెట్టులో సగం.

అంతే, ఊరంతా దొంగలే. మునసబు దొంగ, పూజారి దొంగ, పూజారి అత్తగారు గజదొంగ. తిట్టీ తిట్టీ నాంచారి గొంతు బొంగురుపోయింది.

ఒకనాడు వడ్లు దంచుతూ దంచుతూ నాంచారి నవ్వుమొహంతోనే కన్నుమూసింది. చూస్తే ఆమె మడిలో ఒక్క దుంపా మిగల్లేదు.

"ఊరందరికీ పూలిచ్చిన తల్లికి పోయేటప్పుడు పువ్వే లేదే!" అని అచ్చాయమ్మ గుండె బాదుకుంది.

అంతలో బంగారి కొంగు చాటున పూలు దాచి తెచ్చింది. మస్తాన్‌బీ గాజుల బుట్టలో దాచి తెచ్చింది. ఒక్కొక్కరే, అటూ ఇటూ చూసుకుంటూ, ఊరంతా దొంగల్లాగే వచ్చి పెట్టిపోయారు. పూలగుట్ట పాక కప్పును తన్నుకుని పైకొచ్చింది. అందరూ పెట్టారు గానీ, తిట్టేదెవరు? ఊరు ఊరంతా భోరుమంది.

అచ్చాయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాంచారి రోకలి ఎత్తింది. "ఓసి దొంగమొహాల్లారా! మీ పెరళ్లు పూలతో పూడిపోను!"

ఏడుస్తున్న ఊరు ఏడుస్తూనే పగలబడి నవ్వింది.

ఇప్పటికీ గుండ్లమెట్టలో మొక్కను ఎవరూ చేతికివ్వరు. ఇల్లాలు మడికి వీపు తిప్పి గురక పెడుతుంది, నేస్తం దుంప ఎత్తుకుని పరిగెడుతుంది, వెనక నుంచి తిట్లు పడతాయి. కొత్తకోడలు గడపలో అడుగు పెడితే "నీకు నాంచారి తిట్టు తగలా!" అని దీవిస్తారు.

ఈ కథా అంతే. నేను మీకివ్వను. ఇస్తే మీరు ముద్దుచేసి కుళ్లబెడతారు. ఇదిగో, నేను అటు తిరిగి పడుకుంటున్నా. గుర్‌ర్‌ర్...