అచ్చుకు తగదు

ఎండలు మండిపోయి వాగు ఇసకమేటగా మారిన అడవి అది. అక్కడ ఏనుగమ్మ మోదుగాకుల మీద ఓ పత్రిక నడిపేది. కొత్త సంగతి కనిపెట్టినవాళ్లు పేరు పెట్టకుండా రాసి ఆమెకివ్వాలి. ఆ విషయం తెలిసినవాడికి ఆమె దాన్ని పంపుతుంది. ఆయన సరేనంటేనే అచ్చు. అచ్చు కానిది కళ్లెదుట ఉన్నా ఎవరూ నమ్మరు. అంత చదువుకున్న అడవి!

నీటి సంగతులకు పండితుడు నక్క. ఒకప్పుడు బావిలో పడి బయటికొచ్చాడు మరి. ఓనాడు ఆయనకొక పేరులేని వ్యాసం వచ్చింది. వాగులో ఏరుమద్ది చెట్టు వేళ్లు దిగిన వంపున తవ్వితే ఊట పడుతుందని అందులో ఉంది. నక్క మొదటి రెండు వాక్యాలు చూసి పక్కన పడేశాడు.

"పూర్తిగా చదవవా బావా?" అన్నాడు బావమరిది తోడేలు.

"చదువుతూ కూర్చుంటే నేను పండితుణ్ణెలా అవుతాన్రా? రాసుకో. ఒక్క వాగు చాలదు, ఏడు వాగుల్లో తవ్వాలి. వానాకాలంలోనూ తవ్వి చూపాలి. పైగా నక్కగారి బావి అనుభవాలను ఎక్కడా తలచుకోలేదు. అచ్చుకు తగదు."

"లేడిపిల్లలు దాహంతో సొమ్మసిల్లుతున్నాయి బావా. ఒకవేళ నిజమైతే?"

నక్క చెవులు నిక్కాయి. "నిజమైతే ఆ పేరు ఇంకొకరికెందుకు? నాకే రానీ."

కంచే చేను మేసింది. నక్క ఆ వ్యాసాన్ని కళ్లు మూసుకుని మక్కికి మక్కి దింపేసి, తనదిగా ఏనుగమ్మకు పంపాడు. ఆమె దాన్ని తోడేలుకు పంపింది. తోడేలు విప్పనైనా విప్పకుండా "అద్భుతం" అని రాసిచ్చాడు.

అసలు వ్యాసం రాసింది ముళ్లపంది. నక్క రాసిన తీర్పు పట్టుకుని అది ఏనుగమ్మ దగ్గర మొత్తుకుంది.

"వానాకాలం దాకా ఎవరు బతికుంటారమ్మా?"

"ఏం చెయ్యను తల్లీ! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. ఇక్కడి పద్ధతి అంతే."

అచ్చుకు ముందు ఏనుగమ్మ వ్యాసాన్ని సభలో చదవడం ఆచారం. నక్క రొమ్ము విరుచుకు నిలబడ్డాడు. ఏనుగమ్మ కూడా దాన్ని చదవడం అదే మొదలు. ఆమె పని పంపడమే కదా!

రెండు వాక్యాలు వినగానే ముళ్లపంది లేచింది. "అయ్యో, అది నాది!"

"రుజువేదీ? పండితుల మధ్య నీకేం పని?" అని కసిరాడు నక్క.

"చివరిదాకా చదవనివ్వండి," అని ఏనుగమ్మ గొంతు సవరించుకుంది. "'మోకాలిలోతున ఊట పడింది. తవ్వే తొందరలో మద్దివేరు తగిలి నా వీపు మీది ముళ్లు రెండు విరిగాయి.'"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నక్క వీపు తడుముకున్నాడు.

"ఇటు తిరుగు నాయనా, నీ ముళ్లు చూద్దాం," అంది ఏనుగమ్మ.

నక్క తోడేలు మీద విరుచుకుపడ్డాడు. "ఒరేయ్, నువ్వైనా చదివి చావాల్సిందిరా!"

"నువ్వు చదివావా బావా?"

అడవంతా విరగబడి నవ్వి, ముళ్లపంది వెనక మద్ది వంపుకు పరుగెత్తింది. లేడిపిల్లలు కడుపునిండా తాగాయి. నక్క నీళ్ల దగ్గరికి రావడానికే సిగ్గుపడి పొదలో నక్కి కూర్చున్నాడు.

చదవకుండా తీర్పు చెప్పేవాడు, చదవకుండానే దొంగిలించి దొరికిపోతాడు.