జవాబు చెప్పని రోజు

చీరాలలో నీలవేణి అనే అమ్మాయి ఉండేది. ప్రశ్న అడగడం, ఎదుటివాళ్లు నోరు తెరిచేలోగా జవాబు కూడా తనే చెప్పేయడం ఆమె అలవాటు. "అన్నం తిన్నావా పిన్నీ? తినే ఉంటావులే" అనేసి వెళ్లిపోయేది. పిన్ని పస్తున్నదీ లేనిదీ దేవుడికే తెలియాలి.

నీలవేణి ఒక చిన్న కాలేజీలో రెండేళ్ల సంఘసేవ చదువు పూర్తి చేసింది. ఇక చాలు, ఏదో ఒక ఉద్యోగం చూసుకోమని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆమె వినలేదు. పట్టుబట్టి పెద్ద కాలేజీలో నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లింది. పాత చదువును లెక్కలోకి తీసుకుని ఆమెను నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకున్నారు. దాంతో ఆమె కాళ్లు నేలమీద ఆగలేదు. "నాకు సగం చదువు ముందే వచ్చేసింది" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పేది.

చివరి ఏడాది ఆమెకు ఒక పని అప్పగించారు. ఊరి చివర నేతవాళ్ల వీధిలో కాలేజీవాళ్లు చిన్నపిల్లల బడి ఒకటి, బాలవాడి, నడుపుతుండేవారు. పొద్దున్నే తెరిచి, ఎండ ముదరకముందే మూసేసేవారు. దానికి పిల్లలు వచ్చేవారు కాదు. ఎందుకు రావడం లేదో కనుక్కుని వాళ్లను రప్పించాలి. లేకపోతే బాలవాడి మూతపడుతుంది, నీ డిగ్రీ ఆగిపోతుంది అని ఆ పని అప్పగించిన రాజ్యలక్ష్మి మేడమ్ ముందే చెప్పారు.

నీలవేణి రోజూ తీరిగ్గా టిఫిన్ తిని, బాలవాడి మూసే వేళకు బస్సు దిగేది. ఇంటింటికీ వెళ్లి "పిల్లల్ని ఎందుకు పంపరు? చదువు విలువ తెలియకేగా?" అనేది. ఆ పైన ఆ విలువేమిటో చెప్పుకుపోయేది. తల్లులు మగ్గం ఆపి మర్యాదగా వినేవారు, మంచినీళ్లిచ్చేవారు. పిల్లలు మాత్రం రాలేదు. చెప్పగా చెప్పగా చివరికి నీలవేణి గొంతే పోయింది.

అసలు ఈ పిల్లలు పొద్దున్నే ఏం చేస్తుంటారో చూద్దామని ఒకరోజు ఆమె తొలి బస్సుకే వెళ్లింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పడుగు, మగ్గానికి ఎక్కించబోయే నిలువు పోగులు, చాపి ఉంది. ఆడా మగా కలిసి నూలుకు గంజి పట్టిస్తున్నారు. ఇళ్లన్నీ పడుగుకు అవతలి వరసలోనే; పిల్లలు తలలు దువ్వుకుని, అరుగుల మీద కూర్చుని ఇవతలున్న బాలవాడి వైపే చూస్తున్నారు.

నీలవేణికి ఆశ్చర్యం వేసింది. గంజి కుంచె పట్టుకున్న చౌడమ్మ అనే నేతామె దగ్గరికి వెళ్లి, పూడుకుపోయిన గొంతుతో "పిల్లలు ఎందుకు రారు?" అని అడిగింది. ఆ పైన మాట రాలేదు. చౌడమ్మ కుంచె దించి ఆమెవైపు తిరిగింది.

"జవాబు చెప్పవేంటమ్మా? రోజూ నువ్వేగా చెప్తావు."

నీలవేణి తల అడ్డంగా ఊపింది.

"అయితే విను. మా ఇళ్లల్లో పడుగు దాటకూడదు. తొక్కితే పోగులు తెగుతాయి, దాటితే అరిష్టం. గంజి ఆరి పడుగు చుట్టేదాకా అటు పిల్లలు ఇటు రారు. చుట్టేసరికి మీ బడికి తాళం."

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నీలవేణి గుసగుసగా అడిగింది.

"చెప్పనిస్తేగా" అని చౌడమ్మ నవ్వింది.

నీలవేణికి సిగ్గేసింది. ఆ రోజే ఉన్న సంగతి మేడమ్‌కు చెప్పింది. అప్పటినుంచి పడుగు చుట్టాకే బాలవాడి తెరిచేవారు. వారం తిరక్కుండా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటు లేకపోయింది.

డిగ్రీ వచ్చిన రోజు నీలవేణి ఇంటికి రాగానే "అన్నం తిన్నావా పిన్నీ?" అని అడిగి, ఆగింది.

"లేదే, నీకోసమే చూస్తున్నా" అంది పిన్ని.

నీతి: అడగడం సగం చదువే; జవాబు వచ్చేదాకా ఆగి వినడమే మిగతా సగం.