ఆదెమ్మ ఆవకాయ, రెండు డిస్కుల పెట్టె

తెలివి కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, పెదమామిడిలంకలో చిక్కాల వారింటికి వస్తే చాలు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనరు. చిక్కాల వారే అంటారు.

పెద్దవాడు భద్రం తెలివి ఎలాంటిదంటే, కరెంటు పోయాక చీకట్లో టార్చిలైటు వెతుక్కోవడం కష్టమని పొద్దున్నుంచీ దాన్ని వెలిగించే ఉంచుతాడు. తమ్ముడు చిట్టబ్బాయి అంతకు రెండాకులు ఎక్కువే. ఆస్పత్రి గుమ్మం దగ్గర 'చెప్పులు ఇక్కడ విడవండి' అని రాసుంటే విడిచేసి, ఉత్తికాళ్ళతో ఇంటికొచ్చేశాడు. "మళ్ళీ తొడుక్కోమని ఎక్కడా రాయలేదు వదినా!" అన్నాడు. అంతే, భద్రం పెళ్ళాం తాయారు మరిది బుద్ధికి మురిసిపోయి దిష్టి తీసింది.

ఆ ఇంట్లో తనకి తెలివుందని చెప్పుకోని మనిషి ఒక్కతే. ఈ అన్నదమ్ముల తల్లి ఆదెమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ. ఆవిడ కలిపిన ఆవకాయ కోసం గోదారి ఆ ఒడ్డు నుంచి కూడా జనం వస్తారు. ఇల్లు గడిచేది ఆ పచ్చళ్ళ మీదే. కొలతలన్నీ మాత్రం ఆవిడ నోట్లోనే ఉన్నాయి. అందుకని తాయారు అత్తగారిని కూర్చోబెట్టి అరవై మూడు వీడియోలు తీసింది. ఇరవై తన ఫోన్లో, మిగతావి అన్నదమ్ముల ఫోన్లలో.

ఓ రోజు తాయారు, "ఈ ఫోను పెనంలా కాలిపోతోంది, కాస్త చల్లబరచు మరిదీ" అంది. అంతే, చిట్టబ్బాయి దాన్ని బొక్కెనలో పెట్టి బావిలోకి దింపాడు. చల్లబడింది. మళ్ళీ వెలగలేదు. ఇరవై వీడియోలూ నీళ్ళపాలు. కాపరానికొచ్చిన కొత్తలో తన చేత్తో మాగాయ ఎలా పాడైందో చెబుతూ ఆదెమ్మ విరగబడి నవ్విన వీడియో కూడా అందులోనే పోయింది. తాయారు రెండు రోజులు అన్నం సయించక ఏడ్చింది.

రావులపాలెంలో కంప్యూటర్ల కొట్టు ఖాసిం గారు సంగతి విని ఓ చిన్న పెట్టె తెచ్చాడు. రెండు టిఫిను డబ్బాలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. గుమ్మం పైనున్న అలమరలో వైఫై డబ్బా పక్కన దాన్ని బిగించాడు. తాయారు కొత్త ఫోనుకీ, అన్నదమ్ముల ఫోన్లకీ ఏవేవో నొక్కాడు.

"ఇక మీ ఫోన్లలో ఉన్నవన్నీ వాటంతటవే ఇందులోకి ఎక్కుతాయండి, ఫోన్లు ఖాళీ అవుతాయి. సాయంత్రం దాకా పట్టొచ్చు. లోపల రెండు డిస్కులున్నాయి. అందులో ఉన్నదే ఇందులోనూ ఉంటుంది. ఒకటి పోయినా ఫరవాలేదు. మీ అమ్మగారి వీడియోలు భద్రంగా ఉంటాయి."

"నాలాగానా?" అన్నాడు భద్రం.

ఖాసిం గారు భద్రాన్ని ఎగాదిగా చూసి, "అంతకంటే బాగానే ఉంటాయండి" అన్నాడు. "పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. ఎవరికీ చెప్పకండి." భద్రం అటు తిరిగి ఏదో పెట్టాక ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో చిట్టబ్బాయికి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, ఎక్కుతాయన్నాడు సరే. అంత ఎత్తు ఎలా ఎక్కుతాయి?"

నిజమే కదా! అంతే, పెరట్లో నిచ్చెన తెచ్చి అలమరకి ఆనించారు. ఫోన్లు మూడూ నిచ్చెన మొదట్లో పెట్టారు. ఉసిరికాయ వీడియో మరీ చిన్నది, దానికి మెట్లు అందవని తాయారు మధ్యమధ్యలో తాళ్ళు కట్టింది. సాయంత్రానికి చూస్తే వీడియోలన్నీ పెట్టెలో ఉన్నాయి. "నిచ్చెన లేకపోతే ఏమయ్యేది?" అని ముగ్గురూ గుండెల మీద చేతులు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న చిట్టబ్బాయి పెట్టెని చూసి కంగారుపడ్డాడు. "వదినా, లైటు కొట్టుకుంటోంది!"

"ఎవరితో?"

"ఇంకెవరితో! లోపల రెండు డిస్కులున్నాయి కదా. రెండూ కొట్టుకుంటున్నాయి."

ముగ్గురూ చెవులు ఆనించి విన్నారు. లోపల గుర్రుమంటోంది, కటకటమంటోంది. తాయారు బుగ్గలు నొక్కుకుంది. "అందులో ఉన్నదే ఇందులోనూ ఉంటుందన్నాడు కదా. సమానంగా పంచినా పోట్లాటేనా! ఇలా కొట్టుకుంటే రెండూ పోతాయండీ."

"ఒకటి పోయినా ఫరవాలేదని ఖాసిం గారే అన్నాడు," అన్నాడు భద్రం. "రెండూ పోయేకంటే ఒకదాన్ని మనమే పోనిద్దాం."

ఇంకేముంది! సొరుగు లాగినట్టు ఒక డిస్కు లాగి, పసుపూ కుంకుమా పెట్టి, పంట కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళి, "పోయి రా నాయనా" అని నీళ్ళలో వదిలేశారు. అది బుడుంగున మునిగింది. ఇంటికొచ్చేసరికి పెట్టె కీచుకీచుమని అరుస్తోంది. ఎర్రలైటు వెలుగుతోంది.

"తోడబుట్టినదానికోసం ఏడుస్తోంది పాపం," అని తాయారు పెట్టెని నిమిరింది.

భద్రం ఖాసిం గారికి ఫోను చేసి, ఒక డిస్కు పోయిందండి అని చెప్పాడు.

"అయ్యో, ఎలా పోయిందండి?"

"పడమర వైపుకండి. కాలవ అటే కదా పారేది."

అవతల ఏదో కింద పడిన చప్పుడైంది. ఆఖరికి ఖాసిం గారు, "ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. కొత్తది తెప్పించి ఎల్లుండి వస్తాను" అన్నాడు.

సరిగ్గా ఆ రోజే రాజోలు నుంచి పెళ్ళివారు ఫోను చేశారు. నాలుగు రోజుల్లో నలభై కిలోల ఆవకాయ కావాలి. ఆదెమ్మ అంతకు ముందు రోజే దవడ పన్ను పీకించుకుంది. డాక్టరు నోట్లో దూది కుక్కి, మర్నాడు సాయంత్రం దాకా మాట్లాడొద్దన్నాడు. మామిడికాయలు ముక్కలు కొట్టి ఉన్నాయి. ఆవపిండి ఎంత వెయ్యాలో చెప్పే నోరు కట్టేసి ఉంది.

"వీడియో చూద్దాం," అంది తాయారు. ఫోన్లో పెట్టె తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. "ఏవండీ, కాస్త కొట్టండి."

భద్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "కొట్టను. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"అడుగుతోంది నేను కాదండీ, పెట్టె!"

"పెట్టె అడిగినా చెప్పను. ఎవరికీ అంటే ఎవరికీనే."

"అన్నయ్య మాట మీద నిలబడే మనిషి," అన్నాడు చిట్టబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ.

ముక్కలు నల్లబడే వేళవుతోంది. ఆదెమ్మ మంచం మీంచి నాలుగు వేళ్ళు చూపించింది, నాలుగు సోలల ముక్కలని. తర్వాత ఒక వేలు చూపించింది, ఒక సోల ఆవపిండి అని. భద్రం తన వేలు చూసుకుని, దాన్ని ఆవపిండిలో ముంచి తెచ్చి చూపించాడు. "ఇంతేనా అమ్మా?"

అంతే, ఆదెమ్మ నోట్లో దూది పీకి విసిరికొట్టింది. "లెండ్రా అవతలికి!" అని కొంగు బిగించింది. కొలతలు ఆవిడ చెబుతుంటే, తాయారు కలుపుతుంటే, పొద్దు వాలేసరికి నలభై కిలోలూ జాడీల్లోకి ఎక్కాయి.

చెప్పిన రోజుకి ఖాసిం గారు కొత్త డిస్కుతో వచ్చాడు. పాస్‌వర్డ్ గొడవ విని భద్రం భుజం మీద చెయ్యి వేశాడు. "పెట్టెకి చెప్పొచ్చండి. తప్పులేదు."

"ఆయ్, అయితే మీరంతా బయటికి పదండి."

అందర్నీ బయటికి పంపి తలుపేసి, భద్రం నిచ్చెన ఎక్కి, పెట్టె కంతల దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పాడు. దిగొచ్చి, "చెప్పాను. కానీ తలూపలేదండి" అన్నాడు. ఖాసిం గారు గోడకి నుదురు ఆనించుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత భద్రం చేత ఫోన్లో ఒక్కో అక్షరం కొట్టించాడు.

వీడియో వచ్చింది. తెర మీద ఆదెమ్మ, "ఒరే భద్రం, ఆ పెద్ద గరిటె అందుకో" అంది. భద్రం లేచి వంటింట్లోంచి గరిటె తెచ్చాడు. తాయారు ముచ్చటపడి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తెచ్చాడు. ఏడోసారికి ఇంట్లో గరిటెలు అయిపోయి పక్కింటికి పరిగెత్తాడు.

ఖాసిం గారు సామాను సర్దుకుంటూ, "ఒక్క మాట గుర్తుంచుకోండి. అసలుదీ, దాని కాపీ రెండూ ఎప్పుడూ ఒకే కప్పు కింద ఉండకూడదండి" అని చెప్పి, వెనక్కి చూడకుండా బండెక్కేశాడు.

మర్నాడు ఆదెమ్మ జాడీలతో పాటు ట్రాలీ ఆటో ఎక్కి రాజోలు వెళ్ళింది. జాడీల్ని వీళ్ళకి అప్పగించే ధైర్యం ఆవిడకి లేదు. పెళ్ళి చూసుకుని రెండో రోజు వస్తానంది.

ఆటో వెళ్ళాక ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఆలోచనలో పడ్డారు.

"వీడియోలో ఉన్నది అత్తయ్య కాపీ," అంది తాయారు. "మరి అసలుది?"

"అమ్మే!" అన్నాడు చిట్టబ్బాయి. "అయితే అమ్మ ఈ కప్పు కింద ఉండకూడదా?"

"ఉండకూడదు."

"ఎక్కడికి పంపుతాం అన్నయ్యా?"

భద్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెట్టెని పంపేద్దామంటే మళ్ళీ వీడియోలు పోతాయేమోనని భయం. అమ్మని పంపేద్దామంటే నోరు రావడం లేదు. చాలాసేపు తల పట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి పైకి చూశాడు.

"అమ్మని పంపొద్దు. పెట్టెనీ పంపొద్దు. కప్పుని పంపేద్దాం!"

ఇంకేముంది! చిట్టబ్బాయి పైకెక్కాడు. భద్రం కింద నిలబడ్డాడు. తాయారు పెంకులు అందుకుంది. రెండు రోజులు తిండీ నీళ్ళూ చూసుకోకుండా పెంకులూ వాసాలూ అన్నీ విప్పేసి పెరట్లో పేర్చారు.

రెండో రోజు సాయంత్రం ఆదెమ్మ ఆటో దిగి, ఇంటి వైపు చూసి, అడ్రసు తప్పిందేమోనని ఆటోవాణ్ణి కేకేసింది.

"మన ఇల్లేనమ్మా!" అంటూ భద్రం ఎదురొచ్చాడు.

"పైన పెంకులేవిరా?"

"పెరట్లో ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు!" అని సంగతంతా చెప్పాడు. "నువ్వు ఇంట్లో లేకుండా మేం ఉండలేమమ్మా. అందుకని."

ఆదెమ్మ చెయ్యెత్తింది కొట్టడానికి. ఎత్తిన చెయ్యి వాడి నెత్తి మీద పెట్టి, "నా కడుపున ఎలా పుట్టార్రా మీరు" అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వుని తాయారు గబగబా వీడియో తీసుకుంది.

అంతలో ఆకాశం ఉరిమింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆదెమ్మ లోపలికి పరిగెత్తి, వైరు పీకి, పెట్టెని కొంగులో చుట్టి గుండెకి అదుముకుంది. "ఒరే, వానరా! ఏదో ఒకటి చెయ్యండ్రా!"

"కంగారుపడకమ్మా, మేమున్నాం కదా!" అన్నాడు భద్రం.

అంతే, ముగ్గురూ తలో వైపు పరిగెత్తి, చినుకు కూడా లోపలికి రాకుండా తలుపులూ కిటికీలూ గట్టిగా బిగించి గడియలు పెట్టేశారు.