బంటు కోసం పోయిన మంత్రి

ఊఁ కొడతానంటేనే చెబుతాను. ముందు కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. అనగనగనగా, మగ్గాల చప్పుడుతో తెల్లారే ఒక ఊళ్ళో మార్కండేయులని ఒక నేతగాడుండేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు హైమ.

హైమ బళ్ళో చదరంగం నేర్చుకుంది. ఎంత బాగా ఆడేదంటే, దానితో ఆడాలంటే మేష్టారే జంకేవారు. అప్పుడు పట్నంలో పోటీ పెట్టారు. హైమ వరసగా గెలుచుకుంటూ ఆఖరి ఆటకొచ్చింది. అదీ చేతికందిన ఆటే. చూస్తూ చూస్తూ మంత్రిని పోగొట్టుకుని ఓడిపోయింది.

ఇంటికొచ్చి బల్లనూ పావులనూ అటకెక్కించేసింది. మొదటి రోజు అన్నం సరిగ్గా తినలేదు. రెండో రోజు మాట్లాడలేదు. మూడో రోజు, తనకు బుర్ర లేదనీ, వచ్చే నెల పోటీకి పేరివ్వద్దని మేష్టారితో చెప్పెయ్యమనీ అంది. నాన్న గుండె కలుక్కుమంది. పాపం, ఏ పావు ఎటు నడుస్తుందో కూడా తెలియనివాడు, ఏం చెప్పి ఓదారుస్తాడు?

ఆ సాయంత్రం నేస్తున్న చీరలో ఆయనకు తప్పు కనబడింది. బెత్తెడు కింద ఎక్కడో పోగు తప్పింది. అంతమాత్రానికి చీర పారేస్తారా ఎవరైనా? నేసిన పోగుల్ని ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ తప్పు దాకా వెళతారు. అక్కణ్ణించి మళ్ళీ నేస్తారు. ఆయన అదే చేస్తూ చేస్తూ ఆగిపోయాడు. ఆ తర్వాత లేచి అటక మీది బల్ల దించాడు. ఓడిన ఆటను చివరినుంచి వెనక్కి విప్పి చూపించమని కూతుర్ని బతిమాలాడు.

హైమ మూతి ముడుచుకునే పావులు పేర్చింది. ప్రతి ఎత్తూ దానికి గుర్తే. ముందు రాజు చిక్కుకుపోయిన చోటు పెట్టింది. తప్పు ఇక్కడుందా అని నాన్న అడిగాడు. కాదు, అప్పటికే మంత్రి లేదంది. ఇంకాస్త వెనక్కి జరిపింది. అవతలి పిల్ల గుర్రం ఒక్క దూకు దూకి రాజునీ మంత్రినీ ఒకేసారి పట్టింది. రాజును తప్పిస్తే మంత్రి పోతుంది, ఇక చేసేదేం లేదు. ఇక్కడా కాదు. అప్పుడు మూడోసారి వెనక్కి జరిపింది. ఊరికే దొరికిన బంటును కొడదామని మంత్రి ముందుకొచ్చిన చోటది. తప్పు అక్కడే ఉంది. ఎదురుగానే గుర్రం, చూస్తే కనబడేదే.

మరెందుకు చూడలేదమ్మా అన్నాడు నాన్న. హైమ తల దించుకుంది. దాని కళ్ళనిండా నీళ్ళు.

“అప్పుడే నువ్వు గుమ్మంలోకొచ్చావు నాన్నా. నువ్వు చూస్తుండగా ఏదో ఒకటి కొట్టాలనిపించింది.”

కూతురి ఆట చూద్దామని మగ్గం ఆపుకుని, బస్సు పట్టుకుని పరుగెత్తుకెళ్ళిన మనిషి అది విని ఏమైపోవాలి చెప్పు? కాసేపు దాని తల నిమురుతూ కూర్చున్నాడు. ఇక రాననేస్తాడేమోనని హైమకు బెంగ పట్టుకుంది.

“అయితే ఆలస్యంగా రావడం నా తప్పేనమ్మా. ఈసారి ముందే వచ్చి కూర్చుంటాను. ఆట మొదలయ్యేసరికి నా మొహం చూసి చూసి నీకు విసుగు పుట్టాలి.”

హైమకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మర్నాడు పేరిచ్చేసింది.

ఆ పోటీనాడు గది తాళం తియ్యకముందే మార్కండేయులు వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఆఖరి ఆటలో మళ్ళీ ఒక బంటు ఊరికే దొరికింది. హైమ చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. అవతలి గుర్రం ఎక్కడుందో చూసింది. ఆ తర్వాత మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్కసారైనా నాన్న వంక చూడలేదు. ఆట రాకపోయినా, అది ఆటలోనే మునిగి ఉందని ఆయనకు తెలిసిపోయింది, ఎంత మురిసిపోయాడో.

గెలిచిందా అంటావా? గెలవకేం, పిచ్చి మొహమా. గెలిచాకే తలెత్తి నాన్నను చూసింది.

కథేమో కంచిలోకి, గుర్రమేమో పెట్టెలోకి, నా బంగారుకొండేమో నిద్దట్లోకి.