మొగలిరేవు మంత్రసాని బాట

మొగలిరేవు పాతపట్నంలో మధ్యయుగం నాటి క్రైస్తవ విచారణ గుళ్ళు నాలుగు ఉన్నాయి. విచారణ అంటే ఒక గుడి, దానికి చెందిన వీధి జనం. రేవు వీధిలో పునీత అంద్రేయ గుడి, కాలవకు అవతల సాలె వీధిలో పునీత రాయప్ప గుడి, వడ్రంగుల వీధిలో పునీత జోజప్ప గుడి, ఊరి చివర సున్నపు దిబ్బ మీద వ్యాకులమాత గుడి. నాలుగింటినీ కాలినడకన చూడడానికి మూడు గంటలు చాలు. వెంట వచ్చి దారి చూపేవారు ఉండరు, ఆ అవసరమూ లేదు. ఈ చిన్న పుస్తకం చేత పట్టుకుని, గోడల మీద నీలిమందుతో వేసిన మంచం బొమ్మలను చూసుకుంటూ ఎవరికి వారే నడిచి రావచ్చు.

అంద్రేయ గుడి పైకప్పుకు పాత ఓడల దూలాలు వాడారు. తలెత్తి చూస్తే వాటిలో మేకుల రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాయప్ప గుడి చిన్నదైనా అన్నింటికంటే చల్లనిది. జోజప్ప గుడిలోని చెక్కడపు పనిని తీరిగ్గా చూడాలి. వ్యాకులమాత, అంటే దుఃఖంలో ఉన్న మరియమాత, విగ్రహం మూరన్నర ఎత్తు ఉంటుంది. దిబ్బ మీది సున్నపు బట్టీల పొగకు ముఖం నల్లబడింది. దానిని తుడిచి రంగు వేయాలని ఎవరూ తలపెట్టలేదు.

అంద్రేయ గుడి నుంచి జోజప్ప గుడికి నూరడుగుల దూరం కూడా లేదు. అయినా బాట నేరుగా అక్కడికి పోదు. కాలవ దాటి రాయప్ప గుడికి వెళ్ళి, మళ్ళీ కాలవ దాటి జోజప్ప గుడికి వచ్చి, మూడోసారి కాలవ దాటి దిబ్బ ఎక్కుతుంది. ఎండలో నడిచేవారు విసుక్కోవడం సహజమే. అయినా దగ్గర దారి పట్టవద్దని ఇక్కడి పెద్దలు కోరుతారు. ఎందుకో తెలియాలంటే ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ నాలుగు వీధుల వారికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. తగవు పండుగ నాడు మొదలైంది. మరియమాత తేరుకు ముందు కాడి ఎవరు పట్టాలన్న మాట మీద తోపులాట జరిగి, కాడి విరిగింది, ఒకరిద్దరికి చేతులు విరిగాయి. ఆ వారంలోనే నలుగురు పెద్దలు కూర్చుని తాటాకు మీద ఒక కట్టడి రాసుకున్నారు. పరాయి విచారణ గుడి గడప తొక్కినవారు, పరాయివారికి తమ గుడి తలుపు తీసినవారు తమ విచారణకు చెందరు. వారికి తమ గుడిలో పెళ్ళి జరగదు, తమ నేలలో సమాధి ఉండదు. గుళ్ళకు ఇనుప గడియలు, పెద్ద తాళాలు పడ్డది అప్పుడే.

ఆ కట్టడిని లెక్కచేయని మనిషి ఊళ్ళో ఒక్కరే. ఆమె మంత్రసాని ఇన్నాసమ్మ. వయసులో ఉండగా ఉప్పు పడవ మీద భర్తతో వచ్చింది. భర్త జ్వరంతో పోయాక కాలవ గట్టున, ఏ వీధికీ చెందని చోట, పాక వేసుకుని ఉండిపోయింది. నలభై ఏళ్ళ పాటు నాలుగు వీధుల పురుళ్ళూ ఆమె చేతి మీదుగానే జరిగాయి. పుట్టిన బిడ్డ నిలవదనిపిస్తే ఆమే తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చేది. ప్రతి కాన్పు తరవాత ఆ తల్లి ఏ విచారణ మనిషైతే ఆ గుడికి వెళ్ళి ఒక వత్తి వెలిగించి వచ్చేది. కట్టడి వచ్చాక కూడా మానలేదు. ఆమెతో అందరికీ పని ఉంది కాబట్టి పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

కట్టడి రాసుకున్న తొమ్మిదో ఏట, వైశాఖ మాసంలో ఒక గురువారం తెల్లవారేసరికి ఇన్నాసమ్మ కన్నుమూసింది. పక్కన ఉన్నది తెక్లమ్మ. తెక్లమ్మ పుట్టుకతోనే తల్లిని పోగొట్టుకుంది. ఆ కాన్పు చేసిన ఇన్నాసమ్మే ఆమెను పెంచి, తన విద్య నేర్పింది. అప్పటికి తెక్లమ్మకు ఇరవై రెండేళ్ళు. నాలుగు గుళ్ళలోనూ పూజ చేసే ఒక్క గురువూ ఏటి అవతలి పల్లెలలో ఉన్నారు. ఆయన పడవ ఆదివారానికి గానీ రాదు. వైశాఖపు ఎండలో శవం అంతదాకా ఆగదు.

తెక్లమ్మ ఒంటెద్దు బండి మాట్లాడి, మంచం మీదనే పెద్దామెను పడుకోబెట్టి, దగ్గర గనక ముందుగా రేవు వీధికి వెళ్ళింది. "మా గుడికి వచ్చినట్టే మిగతా గుళ్ళకూ వెళ్ళింది. ఆవిడ మా విచారణ మనిషి ఎలా అవుతుంది?" అన్నాడు అక్కడి పెద్ద. జోజప్ప గుడి పక్కనే ఉన్నా, వడ్రంగుల పెద్ద చౌరయ్య పట్టుదల మనిషి. అందుకని ఆమె కాలవ దాటి, మెత్తని మనుషులని పేరున్న సాలెల దగ్గరకు వెళ్ళింది. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, శవం మీద కప్పమని కొత్త బట్ట ఇచ్చారు. తలుపు మాత్రం తీయలేదు.

వేరే దారి లేక బండిని వెనక్కి తిప్పి మళ్ళీ కాలవ దాటింది. జోజప్ప గుడి ముందు చౌరయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కబురు అప్పటికే చేరింది.

"మీ ఇంట్లో ముగ్గురు బిడ్డలను తన చేతుల మీద తీసింది పెద్దయ్యా," అంది తెక్లమ్మ.

"కాదన్నానా? బతికున్నన్నాళ్ళూ ఆవిడకు మేం ఏ లోటూ చేయలేదు. కట్టడి రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నేనే తప్పితే రేపు ఎవరు వింటారు?"

ఆమె బండి ముందుకు తోలమంది. సున్నపు దిబ్బ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బట్టీల వారి పెద్ద పేరు సిలువయ్య. గుడి ఆవరణ తలుపు లోపలి నుంచి గడియ వేసుకుని, కమ్మీల సందు నుంచి తల అడ్డంగా ఊపాడు. ఎద్దు రొప్పుతోందని బండివాడు మంచాన్ని తలుపు ముందు దించి వెళ్ళిపోయాడు. తెక్లమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. ఇక అడగడానికి ఊళ్ళో గుడి లేదు.

అప్పుడు దిబ్బ కింద నుంచి ఒక మనిషి పరుగున రావడం కనిపించింది. అరవై ఏళ్ళ చౌరయ్య. తలపాగా ఊడి మెడలో పడి ఉంది.

"మార్తకు నొప్పులు. పొద్దుట నుంచీనట, నాకు ఇప్పుడే చెప్పారు. కాళ్ళు ముందు వస్తున్నాయంటున్నారు," అన్నాడు. మార్త ఆయన ఒక్కగానొక్క కూతురు. "నువ్వు తప్ప ఎవరూ లేరు. రా తల్లీ. మా గుడి తలుపు తీయిస్తాను, సమాధి నేనే తవ్విస్తాను."

ఆ క్షణంలో ఆమె ఏం అడిగినా ఆయన ఒప్పుకునేవాడు. ఆమె అడగలేదు.

"తలుపు సంగతి తరవాత. ముందు బిడ్డ సంగతి," అని లేచింది. "అమ్మను ఒంటరిగా వదలలేను. నేను వచ్చేదాకా మీరు ఇక్కడ నిలబడండి. కాకి వాలకుండా చూడండి."

ఎదురుకాళ్ళ కాన్పు ఆమె ఒంటరిగా ఎన్నడూ చేయలేదు. మంచం మీది చల్లబడ్డ చేతిని ఒకసారి పట్టుకుంది. పెద్దామె తల దగ్గర పెట్టి తెచ్చిన ఆమె ఆముదపు బుడ్డి, బట్టల మూట తీసుకుని దిబ్బ దిగింది.

చౌరయ్య మెడలో పడ్డ తలపాగా తీసి రెండు చేతులా పట్టుకుని శవం ముఖానికి నీడ పట్టాడు. పొద్దు జరిగినప్పుడల్లా తానూ జరుగుతూ వచ్చాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఆ దిబ్బ ఎక్కలేదు. లోపల చూరు కింద కూర్చున్న సిలువయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. కొంతసేపటికి లేచి, నీళ్ళ ముంత కమ్మీల సందు నుంచి అందించాడు. చౌరయ్య ఆ నీళ్ళు తాగలేదు. బట్ట తడిపి మళ్ళీ పట్టాడు.

"లోపల నీడగా ఉంది," అన్నాడు సిలువయ్య.

"లోపలికి వస్తే నేను మా వీధికి పనికిరాను."

"తలుపు తీస్తే నేనూ అంతే."

ఒక కాకి వచ్చి మంచం పట్టె మీద వాలింది. చౌరయ్య చేతులు ఖాళీగా లేక నోటితో అదిలించాడు. అది పోలేదు.

తలుపు దానంతట అదే తెరుచుకుందని చెప్పేవారు ఉన్నారు. దిబ్బ మీది వారు మాత్రం ఆ మాట ఒప్పుకోరు. సిలువయ్య చేత్తోనే తీశాడనీ, గడియ బిగుసుకుపోయి ఉంటే రాయి పెట్టి కొట్టాడనీ వారు చెబుతారు. కాకిని తోలి, ఇద్దరు ముసలివాళ్ళూ చెరో వైపు మంచం ఎత్తారు. మధ్యలో ఒకసారి దింపి ఆయాసం తీర్చుకుని, గుడి లోపలికి, వ్యాకులమాత పాదాల ముందుకు చేర్చారు. ఒకరు విసురుతుంటే ఒకరు జపమాల చెప్పారు.

అక్కడ మార్త దగ్గర తెక్లమ్మకు పెద్దామె నేర్పిన మాట ఒక్కటే జ్ఞాపకం ఉంది: లాగకు, దిగనీ. చుట్టూ ఆడవాళ్ళు కేకలు పెడుతున్నా తొందరపడలేదు. బిడ్డ భుజాల దాకా వచ్చి ఆగిపోయింది. నూనె చేత్తో మెల్లగా తిప్పి తల బయటికి తెచ్చింది. బిడ్డ నీలంగా ఉంది, ఏడవలేదు. తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానపు మాటలు చెప్పి, వీపు రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి కెవ్వుమంది.

పొద్దు వాలుతుండగా తెక్లమ్మ దిబ్బ ఎక్కింది. ఆవరణ తలుపు తెరిచి ఉంది. మంచం లేదు. లోపలికి పరుగెత్తింది. చౌరయ్య ఆమెను చూసి లేచాడు.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అంది ఆమె.

ఆయన ఉన్నచోటనే చతికిలబడి ఏడ్చాడు.

"అమ్మను లోపలికి ఎవరు తెచ్చారు?"

"మేమిద్దరమే," అన్నాడు సిలువయ్య.

అంతలో బట్టీల నుంచి మనుషులు తిరిగి వచ్చారు. పరాయి వీధి పెద్ద తమ గుడిలో కూర్చుని ఉండడం చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మరి కట్టడి మాటేమిటని వారిలో ఒకరు అడిగారు.

"కట్టడి ప్రకారం మేమిద్దరం ఇప్పుడు ఏ విచారణకూ చెందము. మా సంగతి తరవాత తేల్చుకోండి. ముందు పారలు తెండి," అన్నాడు సిలువయ్య.

ఇన్నాసమ్మను ఆ గుడిలోనే, ఆ ఇద్దరూ మంచం దించిన చోట సమాధి చేశారు. ఆదివారం గురువుగారు పడవ దిగి, సంగతంతా విని, సమాధి మీద తీర్థం చల్లి ప్రార్థన చెప్పారు. తాటాకు గురించి ఆయన అడగలేదు, చూపించినవారూ లేరు.

ఆ రోజే సిలువయ్య గుడి తాళంచెవిని చౌరయ్య చేతిలో పెట్టాడు. "ఇక మీదట మా తలుపు మీరు తీయండి. నా దగ్గరే ఉంటే మళ్ళీ వేస్తానేమోనని భయంగా ఉంది," అన్నాడు. చౌరయ్య నాలుగు రోజులు ఆలోచించి, తన గుడి తాళంచెవిని తీసుకెళ్ళి సాలె వీధిలో ఇచ్చి వచ్చాడు. సాలెలు తమ తాళంచెవిని రేవు వీధికి ఇవ్వడానికి రెండేళ్ళు పట్టింది. రేవు వారు పదకొండేళ్ళు బిగదీసుకుని, చివరికి వారూ తమ తాళంచెవిని దిబ్బ మీదికి పంపారు. తరవాత తాటాకు ఏమైందో ఎవరికీ తెలియదు.

నేటికీ ఏ గుడి తాళంచెవి ఆ వీధిలో ఉండదు. అంద్రేయ గుడిని దిబ్బ మీది వారు ఉదయాన్నే వచ్చి తీసి వెళ్తారు. రాయప్ప గుడి తాళంచెవి రేవు వీధిలో వలల కొట్టు పక్కింట్లో దొరుకుతుంది. అక్కడ అడిగి తీసుకుని, కాలవ దాటి వెళ్ళి, మీరే తలుపు తీసుకోవాలి. చూడడం అయ్యాక ఆ తాళంచెవిని సాలె వీధిలో అప్పగిస్తే, వారు జోజప్ప గుడి తాళంచెవి ఇస్తారు. అలాగే చివరిదాకా. సాయంత్రం పిల్లలు వాటిని మళ్ళీ ఎవరిళ్ళకు వారివి చేరుస్తారు. మాటలు మానుకున్న అన్నదమ్ములు కలిసి ఈ బాట నడిచి, ఒకరు తాళం తీస్తే ఒకరు తలుపు నెడితే మనసులు కలుస్తాయని నమ్మకం. పిల్లలు లేనివారు, నెలలు నిండినవారి ఇళ్ళవారు వ్యాకులమాత గుడిలో ఇన్నాసమ్మ సమాధి దగ్గర ఆముదపు దీపం పెడతారు. మార్త కూతురికి పెట్టింది ఆమె పేరే. వడ్రంగుల వీధిలో నేటికీ తరానికి ఒక ఇన్నాసమ్మ ఉంటుంది.

యాత్రికులకు మరొక్క మాట. ఈ నాలుగు వీధులలో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా నాలుగు గుళ్ళ తలుపులూ తీస్తారు. బిడ్డ ఏడ్చిందన్న కబురు వచ్చేదాకా మూయరు. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే జరుగుతున్నా, ఆటో వీధి మలుపు తిరిగేలోపే ఎవరో ఒకరు తాళంచెవులతో బయలుదేరుతారు. కాబట్టి మీరు వెళ్ళిన రోజున నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంటే ఎవరింటికీ వెళ్ళి అడగనక్కరలేదు. చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళి, పేరు తెలియని ఆ తల్లి కోసం మరియమాతకు ఒక మంగళవార్త జపం చెప్పుకుని, తలుపు అలాగే వదిలి ముందుకు సాగండి.