మేస్త్రీ పొయ్యి మీది చేప

చింతలగుట్ట అడవిలో ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది. అది ఎండేలోపే ప్రతి ఇల్లూ కుండల నిండా నీళ్లు పట్టి దాచుకోవాలి. ఆ కుండలు కాల్చేది గుట్ట కింది పెద్ద బట్టీలో. దానికి మేస్త్రీ నక్క. ఎవరు పెట్టారని అడక్కండి. అలాంటి పదవుల్లో నక్కలు తమంతట తామే కూర్చుంటాయి.

ఆ ఏడు సరిగ్గా అవసరానికి బట్టీలోని ఇనుప చువ్వల చట్రం విరిగింది. కుండలు పేర్చేది దాని మీదే. అడవి మొత్తానికి ఇనుము అంటూ ఉన్నది అదొక్కటే.

"పట్నానికి కబురు పెట్టాను. మంగళవారానికి కొత్త చట్రం వస్తుంది. కుండలు వరసలో పెట్టి వెళ్లండి," అన్నాడు నక్క మేస్త్రీ.

పెట్టారు. వరసలో ఒకడుగు ముందుకు జరగాలంటే మేస్త్రీకి చేపో, పీతో ముట్టాలి. మూడు మంగళవారాలు వెళ్లిపోయాయి. చట్రం రాలేదు. చేపలు మాత్రం మేస్త్రీ ఇంటికి దారి తప్పకుండా చేరాయి.

బూదమ్మ గాడిద ఇక ఆగలేకపోయింది. పెరట్లో తల్లినాటి చిన్న బట్టీకి బూజు దులిపింది. ఒకప్పుడు ప్రమిదలు కాల్చిన బట్టీ అది. దానికి చట్రం అక్కర్లేదు. అడుగున పిడకలు పరిచి, కుండలు పేర్చి, ఊక కప్పి నిప్పంటిస్తే చాలు. కాకపోతే ఒక్కసారికి ఐదు కుండలే పడతాయి.

దారినపోతూ నక్క ఆగాడు.

"ఏం బూదమ్మా, బొమ్మలాట మొదలెట్టావా?"

"పొద్దుపోవద్దూ మరి? నీ మంగళవారం వచ్చేదాకా!"

"ఐదు కుండలకి ఇంత పొగా! చట్రం కోటపాడు దాకా వచ్చేసింది. ఎల్లుండికి ఇక్కడుంటుంది. ఈలోపు వరసలో నీ పేరు పోతే నన్ననకు."

"తీసెయ్. పేరులో నీళ్లు పట్టుకోలేను కదా."

వారం తిరిగేసరికి బూదమ్మ ఇంట్లో పదిహేను కుండలు కొడితే ఖంగుమంటున్నాయి. అది విని కుందేళ్లవాళ్లు కూడా రెండు పచ్చికుండలు తెచ్చారు. తెల్లారేసరికి మేస్త్రీ చాటింపు వేయించాడు: చిన్న బట్టీ గుమ్మం తొక్కినవాళ్లకి పెద్ద బట్టీలో చోటుండదు. కుందేళ్లవాళ్లు తెచ్చినవి తెచ్చినట్టే మోసుకుపోయారు. వాగు మోకాలి లోతు నుంచి పాదం లోతుకి దిగింది.

ఆ మధ్యాహ్నం ఎలుగు వచ్చి బూదమ్మ అరుగు మీద చతికిలబడ్డాడు. చేతిలో కాల్చిన చేపముక్క.

"మేస్త్రీకి ఇంత పొడుగు వాలుగ ఇచ్చానక్కా. కాల్చుకుని, తోకముక్క నాకే పంపాడు. ఎంత మర్యాదస్తుడో!"

"వాలుగ నీది, తోక నీకు, మర్యాద ఆయనకా! బాగా పంచుకున్నార్రా," అంటూ బూదమ్మ ఆ ముక్క వైపు చూసింది. చూసి, ఊక ఎగదోస్తున్నదల్లా ఆగిపోయింది.

తోక మీద అడ్డంగా నల్లటి గీతలు. గీతకీ గీతకీ మధ్య ఒకటే ఎడం. పుల్లకి గుచ్చి కాల్చిన చేపకి అలాంటి గీతలు పడవు.

"ఒరే, అది మింగకు. నాతో రా."

చీపురులోంచి ఒక పుల్ల లాగి, గీతల మధ్య ఎడానికి సరిగ్గా విరిచింది. పెద్ద బట్టీ దగ్గరికి నడిచింది. వరసలో కూర్చున్న అడవంతా చూస్తుండగా, విరిగిన పాత చట్రంలో రెండు చువ్వల మధ్య ఆ పుల్ల పెట్టింది. అతికినట్టు కూర్చుంది. చేప మీద గీతల మధ్య పెట్టి చూపించింది. అక్కడా అంతే.

"పాత చట్రం విరిగి ఇక్కడే పడుంది. మరి ఈ గీతలెక్కడివి? మేస్త్రీ, నీ పొయ్యి మీద ఏముంది?"

"నా పొయ్యి మీదా? ఏముంటుంది, మసి!"

ఎలుగుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆగలేదు. నక్క బొరియలోకి తలా చేతులూ దూర్చి, జిడ్డు కారుతున్న కొత్త చట్రాన్ని బయటికి లాగాడు.

"ఇదెప్పుడొచ్చింది?"

"మొదటి మంగళవారమే," నక్క గొంతు సవరించుకున్నాడు. "పరీక్షిస్తున్నాను. వేడికి తట్టుకుంటుందో లేదో చూడకుండా పెడితే రేపు మీరే నన్నంటారు."

"తట్టుకుంది," అంది బూదమ్మ. "ముప్పై చేపల పరీక్ష నెగ్గింది. ఇక దానికి పని ఇప్పించు."

ఆ సాయంత్రమే పెద్ద బట్టీ రాజుకుంది. ఎలుగు మేస్త్రీ అయ్యాడు. వరసలో ఉన్నవాళ్లందరి కుండలూ కాలాయి, వాగులో ఉన్న నీళ్లన్నీ ఇళ్లకి చేరాయి.

అన్నేళ్లూ ఎవరో ఒకరి కుండ ఎత్తుకెళ్లడమే గానీ మట్టి తొక్కి ఎరగని నక్క, నాలుగు రోజులకి ఒక వంకర కుండ పట్టుకొచ్చాడు. వాగులో అప్పటికి ఇసుక కనబడుతోంది.

"వరసలో పెట్టి వెళ్లు. మంగళవారం చూద్దాం," అన్నాడు ఎలుగు.

"ఏ మంగళవారం, బూదమ్మా? నువ్వైనా చెప్పు!"

చిన్న బట్టీలో పిడకలు సర్దుకుంటున్న బూదమ్మ తల కూడా తిప్పలేదు.

"కోటపాడు దాకా వచ్చేసిందట, మేస్త్రీ."

నీతి: ఆగమని చెప్పేవాడి మాట వినేముందు, వాడి పొయ్యి మీద ఏం కాలుతోందో చూసుకోవాలి.